రిసాలి గోడ మీద పేరంటాలు

నా గడ్డం చూసి పొద్దున్నుంచి అడగనివాడు లేడు. "ఏటి సూరిబాబూ, దీక్షా? ఒంట్లో బాగులేదా?" అని. దీక్షా కాదు, జబ్బూ కాదు. భయం! అద్దం అంటే భయం. నవ్వకండి, ముందు టీ చెప్పండి. జరిగింది వింటే మీరు కూడా ఓ రెండ్రోజులు అద్దం జోలికి వెళ్లరు.

నా సంగతి మీకు తెలిసిందే కదా. మన స్టీలు ప్లాంటులో సేఫ్టీ బోర్డులు రాసేది నేను. హెల్మెట్ లేక తల పగిలినవాడు, బెల్టు కట్టుకోక కింద పడ్డవాడు, చెయ్యి విరిగి మంచమ్మీద పడుకుని పెళ్లాం మొహం చూడలేకపోతున్నవాడు... అందరూ నా చేతి మీద పుట్టినవాళ్లే. "భయ్యా, ఆప్‌కే బోర్డ్ వాలా ఆద్మీ హమ్‌కో ఘూర్తా హై" అని, బోర్డు మీదివాడు తమని గుడ్లురిమి చూస్తున్నాడని వర్క్‌షాపులో కుర్రాళ్లు ఏడిపిస్తుంటారు. "వాడు మిమ్మల్ని చూడకపోతే మీరు హెల్మెట్ పెట్టుకోర్రా, అదీ ఆర్టంటే" అని నేను కళ్లజోడు పైకి తోసుకుంటాను. ఆ కళ్లజోడు ఒకటి, ఎన్ని మార్చినా ఓ పక్కకి జారిపోతూనే ఉంటుంది.

బోర్డులు పొట్ట కోసం. మనసు కోసం గోడలు. చెమ్మ పట్టిన పాత గోడ కనిపిస్తే చాలు, ఫ్లాస్కులో టీ పోసుకుని దాని ముందు కూర్చుంటాను. చూస్తూ ఉంటాను. మరకలోంచి మెల్లిగా ఓ భుజమో, ఓ గడ్డమో బయటికొస్తుంది. అప్పుడు బొగ్గుతో దాని అంచు పట్టుకుంటాను. ఎరుపు కావాల్సిన చోట గేరు మట్టి, వెలుగు పడాల్సిన చోట తడి సున్నం. అంతే నా సరంజామా. ఎవరైనా అడిగితే ఒకటే డైలాగు. "నేను గీయను సార్. గోడే గీయించుకుంటుంది."

ఈ డైలాగే నా కొంప ముంచింది.

నా గోడల ఫొటోలు ఎలా వెళ్లాయో వెళ్లాయి, రాయపూర్ నుంచి మాలవిక మేడమ్ అని ఒకావిడ ఫోన్ చేశారు. అక్కడేదో ఎగ్జిబిషన్ పెడుతున్నారట. ఆదివారం సాయంత్రం కెమెరాతో వస్తారట. కొత్త గోడ ఒకటి పూర్తి చేసి ఉంచితే, దాని ముందు నన్ను నిలబెట్టి, ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్నుంచి వస్తుంది, ప్రాసెస్ ఏమిటి అని అడుగుతారట. అదే హాల్లో తెర మీద వేస్తారట. "ఆర్టిస్ట్ సూర్యనారాయణజీ బోల్ రహే హై నా?" అన్నారావిడ. ఆర్టిస్ట్! యాభై దాటాక మొదటిసారి విన్నాను ఆ మాట. ఇన్నాళ్లూ 'ఏయ్ పెయింటర్'. ఫోన్ పెట్టేశాక కాసేపు మాట రాలేదు నాకు. ఆ తర్వాత మాటలు ఆగలేదు, మేముండే క్యాంప్ వన్‌లో మా లైను మొత్తానికి చెప్పేశాను. అంటే ఇక తప్పిందా, తలెత్తుకోలేను.

గోడ కూడా రెడీగా ఉంది. మా బావ రిటైరయ్యి, అక్కా వాళ్లూ రిసాలిలో కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశారు. అప్పగించడానికి ఇంకా గడువుంది కాబట్టి తాళం నాకిచ్చి వెళ్లారు. కింద ఇల్లు. వంటగది గోడ మీద పై నుంచి నీళ్లు దిగి దిగి నిలువెత్తు మరక! చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. బ్లాకు దాదాపు ఖాళీ. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి పై వాటాకి కూడా తాళమే కనిపించేది. ఎవరూ లేరు, బావుంది, ప్రశాంతంగా పని చేసుకోవచ్చనుకున్నాను. ప్రశాంతత!

మొదటిరోజు సాయంత్రం మరక ముందు కూర్చున్నాను. వాన పడి వెలిసింది. బయట ఆకాశం మన ప్లాంటు పక్క ఎర్రబడుతోంది. ఓ ఆడమనిషి మెల్లిగా బయటికొచ్చింది. ముందు తల వంపు, తర్వాత మెడ, తర్వాత చెవులకి కమ్మలు. ఒక కమ్మ కాస్త కిందికి దిగింది. చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ కిందికే దిగింది! సరేలే, గోడ అలా కోరుకుంటోందని వదిలేశాను. బుగ్గల మీద తడి సున్నం అద్ది, చివర్న కళ్లు పెట్టాను.

పెట్టి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను.

ఆవిడ నన్ను చూస్తోంది. అన్ని బొమ్మలూ చూస్తాయి, అది వేరు. ఈవిడ నన్ను ఎరిగున్నట్టు చూస్తోంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నట్టు, నేను చేసిన వెధవ పనులన్నీ తెలిసినట్టు! నాకూ ఆ మొహం ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో మాత్రం గుర్తు రావట్లేదు. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు సాయంత్రం తాళం తీశాను. వంటగదిలోకి వెళ్లాను. ఆవిడ నుదుటి మీద కుంకుమ బొట్టు!

నేను పెట్టలేదు. నా దగ్గర కుంకుమే లేదు. వీధి తలుపు తాళం నా జేబులో ఉంది. పెరటి తలుపు చూస్తే లోపల గడియ వేసినది వేసినట్టే ఉంది. పక్క కిటికీకి అద్దం పగిలిన చోట మా బావ పెట్టిన అట్టముక్క కూడా అలాగే ఉంది. ఇంతలో చూస్తుండగానే, గోడ చెమ్మకి ఆ కుంకుమ కరిగి, నుదుటి మీంచి ముక్కు పక్కగా సన్నగా జారింది. నా కళ్లజోడు కూడా జారింది. పట్టుకునే ఓపిక లేదు.

మా నాయనమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. చిన్నప్పుడు నన్ను పక్కలో వేసుకుని పేరంటాలి సంగతులు చెప్పేది. ఇంటి ఆడమనిషి పుణ్యస్త్రీగా పోతే ఆవిడే ఆ ఇంటికి పేరంటాలు. గోడకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర పెట్టి కొలుచుకుంటారు. ఇల్లు మారేటప్పుడు "రా తల్లీ, మాతో రా" అని పిలిచి మరీ తీసుకెళ్లాలి. పిలవకపోతే ఆ గోడలోనే ఉండిపోతుందట. మా అక్క పిలిచిందా? ఫోన్ చేసి అడిగాను. "పేరంటాలేటిరా? సామానెత్తడానికే నా నడుం పోయింది" అంది. అయిపోయింది! పిలవలేదు.

ఏం చెయ్యాలి? ఆదివారం దాకా ఆ గదిలో పని ఉంది. చీర కుచ్చిళ్లు ఇంకా గీయనే లేదు. బజారుకెళ్లి నిమ్మకాయ, అగరొత్తులు తెచ్చి ఆవిడ ముందు వెలిగించి, "తల్లీ, ఏదో తెలిసీ తెలియనివాణ్ని, ఏమనుకోకు" అని దండం పెట్టుకున్నాను. తర్వాత పక్కకి తిరిగి కూర్చుని, ఆవిడ కళ్లలోకి చూడకుండా కుచ్చిళ్లు మొదలుపెట్టాను. పక్కకి తిరిగి గీస్తే కుచ్చిళ్లు ఎలా వస్తాయో మీరే ఊహించుకోండి.

ఆ మర్నాడు వెళ్తే ఏముందనుకున్నారు? పక్కనున్న మేకుకి డజను ఆకుపచ్చ గాజులు! గదంతా అగరొత్తుల వాసన. నేను తెచ్చిన రకం కాదు, వేరే రకం. తాళం తాళంలాగే ఉంది, గడియ గడియలాగే ఉంది. పావురం ఒకటి వెంటిలేటర్లో టపటపలాడితే నేను ప్లాంటు సైరన్‌లా అరిచాను.

అడుగుతోందన్నమాట! గాజులు వచ్చాయంటే జాకెట్టు ముక్క కావాలన్నమాట. వెంటనే ఇంటికొచ్చి మా పద్మ బీరువాలోంచి, ఎవరికో పెట్టడానికి దాచుకున్న మంచి జాకెట్టు ముక్క తీశాను. కొబ్బరికాయ, మూర మల్లెపూలు స్కూటర్ డిక్కీలో పడేశాను. పద్మ వంటింట్లోంచి చూసింది. "ఎవరికండీ పూలు?" అంది. "ఆఫీసులో పూజ" అన్నాను. వర్క్‌షాపులో పనిచేసేవాడికి ఆఫీసేమిటని ఆవిడ మొహంలో కనిపించింది. కానీ ఏమీ అనలేదు. మా పద్మ ఏమీ అనలేదంటే అది వేరే భయం. ఆ వారం దాని గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. ఆ రాత్రే మళ్లీ రిసాలి వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, అన్నీ ఆవిడ ముందు పెట్టి వచ్చాను.

అసలు భయం శనివారం చూశాను. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాను. ఆవిడ బుగ్గలు రెండూ ఎర్రగా, తడిగా, అప్పుడే దెబ్బ తిన్నట్టు రక్తం ఎరుపు! నేను అద్దింది తెల్ల సున్నం. గేరు మట్టి ఆ దరిదాపుల్లో లేదు. వేలితో ముట్టుకుందామని చెయ్యి చాపాను గానీ, చెయ్యి సగం దూరంలోనే ఆగిపోయింది. మోకాళ్ల మీద కూలబడ్డాను. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. "తల్లీ! నువ్వు ఎవరి ఇంటి పిల్లవో నాకు తెలీదు. ఈ ఆదివారం ఒక్కటీ గట్టెక్కించు. నన్ను ఆర్టిస్ట్ అన్నారు తల్లీ, ఒక్కసారి తెర మీద కనపడనీ. నీకు పట్టుచీర పెడతాను" అని మొక్కేశాను.

ఆవిడ చూస్తూనే ఉంది. కాస్త జాలిగా చూసినట్టనిపించింది. అది చూసి ఇంకా భయమేసింది.

ఆదివారం వచ్చింది. సాయంత్రం మాలవిక మేడమ్ వచ్చారు. సన్నగా, చలాకీగా ఉన్నారు. భుజాన కెమెరా. గోడ చూడగానే "ఓ గాడ్!" అన్నారు. బొట్టు, గాజులు, ఎండిన మల్లెలు, ఎర్రటి బుగ్గలు... "సర్, యే సబ్ ఆప్‌కా ప్రాసెస్ హై?" అని అడిగారు. "గోడే చేయించుకుంటుంది మేడమ్" అన్నాను హిందీలో. గోడ వైపు తిరిగి ఓ దండం కూడా పెట్టాను. ఆవిడ దాన్ని కూడా ఆర్టే అనుకుని కెమెరా ఆన్ చేశారు.

నేను గోడ పక్కన నిలబడ్డాను. ఎదురుగా పెరటి తలుపు. "సర్, ఇన్‌స్పిరేషన్ కహా సే ఆతా హై?" అన్నారు మేడమ్. నేను కళ్లజోడు తోసుకుని, గొంతు సవరించుకుని, "నేను గీయను మేడమ్. నా వెనకాల ఇంకో చెయ్యి ఉంది..." అని మొదలుపెట్టాను.

అట్టముక్క కదిలింది.

పగిలిన కిటికీలోంచి ఓ చెయ్యి లోపలికొచ్చింది. నిండా ఆకుపచ్చ గాజులు, వేళ్లకి పసుపు. తడుముకుంటూ గడియ దగ్గరికి వచ్చింది. గడియ తీసింది.

నేను అరిచిన అరుపు నాకు గుర్తులేదు గానీ వీడియోలో ఉంది. అందులో మాలవిక మేడమ్ వెనకాల దాక్కుని రెండు చేతులూ జోడించి "చీర తెస్తాను, చీర తెస్తాను" అంటున్నాను.

తలుపు తోసుకుని లోపలికొచ్చింది ఓ నలభై అయిదేళ్ల మనిషి. చేతిలో హారతి పళ్లెం. మమ్మల్ని చూసి ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది. పళ్లెం కింద పడింది. "ఓలమ్మో! ఎవుల్రా మీరు?" అంది.

"నువ్వెవరు?" అన్నాను, మేడమ్ భుజం మీంచి.

ఆవిడ నారాయణమ్మ. బొబ్బిలి పక్కవాళ్లు. పై వాటాలోనే ఉంటుంది. సాయంత్రాలు మార్కెట్లో ఇడ్లీ బండి పెడుతుంది కాబట్టి నేను వెళ్లే వేళకి పైన తాళమే; ఆదివారం ఒక్కటే బండికి సెలవు. పొద్దున్నపూట మా అక్క వాళ్ల వంటగది కుళాయికి నీళ్లకొస్తుంది. పెరట్లోంచి వచ్చి బిందె పెట్టుకోవడం అక్క ఉన్నప్పట్నుంచీ అలవాటే. కిటికీలోంచి చెయ్యి పెట్టి గడియ తీయడం, వెళ్లేటప్పుడు అలాగే వెయ్యడం కూడా అక్కే నేర్పిందట.

"నీళ్లకొస్తే గోడ మీద తల్లి కనపడింది బాబూ. మీ అక్కోళ్లు పేరంటాల్ని ఒగ్గేసి ఎలిపోనారనుకున్నాను. ఉత్త నుదురుతో ఉంచకూడదని బొట్టెట్టినాను. మర్నాడొచ్చి సూస్తే తాళమేసిన ఇంట్లో నిమ్మకాయ! అగరొత్తుల బూడిద! నా గుండె ఆగిపోనాది. తల్లే తెచ్చుకుంటంది, ఇంకా అడుగుతందని గాజులెట్టినాను. మర్నాడు జాకెట్టు ముక్క! కొబ్బరికాయ! ఇంకేటి సెయ్యను? పసుపు రాసినాను. నాలుగు రోజులై నిద్దర్లేదు నాకు!"

"నాకూ లేదు" అన్నాను. ఆవిడ భయపడి పెట్టింది చూసి నేను, నేను భయపడి పెట్టింది చూసి ఆవిడ! వారమంతా ఇద్దరం కలిసి ఒకరినొకరం చంపేసుకున్నాం. మేడమ్‌కి హిందీలో చెప్తుంటే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కెమెరా మాత్రం ఆపలేదు.

నాకు కొంచెం ధైర్యమొచ్చింది. "అయితే బుగ్గలు ఎర్రబడ్డాయేం? అది ఎవరు చేశారు?" అన్నాను.

"సున్నమ్మీద పసుపు రాస్తే ఎర్రబడక పచ్చబడతాదా? పెళ్లిలో పారాణి ఎలా కలుపుతారో తెలీదా మీకు?" అని వీధి గుమ్మంలోంచి ఓ గొంతు వినపడింది.

పద్మ! ఆయాసపడుతూ నిలబడింది. వెనకాల ఆటో. జాకెట్టు ముక్క పోయింది, కొబ్బరికాయ పోయింది, స్కూటర్ డిక్కీలో మల్లెపూల రేకులు దొరికాయి. రోజూ రిసాలి, రోజూ ఆలస్యం. ఇంకేం కావాలి? "ఎవత్తది? ఎక్కడుంది? ఎవత్తికండీ మీరు నా జాకెట్టు ముక్క పెట్టింది?" అని కొంగు బిగించి లోపలికొచ్చింది. నారాయణమ్మ వైపు చూసింది. నారాయణమ్మ భయపడి గోడ వైపు చెయ్యి చూపించింది. పద్మ గోడ వైపు తిరిగింది.

తిరిగి, అలాగే ఉండిపోయింది. గోడని చూసింది. నన్ను చూసింది. మళ్లీ గోడని చూసింది. నా దగ్గరికొచ్చి కళ్లజోడు తీసేసింది. అరచెయ్యి నా మూతి మీద పెట్టి మీసం మూసేసింది. అప్పుడు మొదలైంది ఆవిడ నవ్వు! గోడకి ఆనుకుని, నేల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇదేటండీ! మీరే! అచ్చం మీరే! చీర కట్టించి కూకోబెట్టినట్టుంది!"

"నేనేంటి? అది గోడ..."

"గోడా లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ కమ్మ ఎందుకు కిందికుంది? మీకు ఒక చెవి కిందికుంది కాబట్టి! కళ్లజోడు ఎందుకు జారిపోతుందనుకున్నారు ఇన్నేళ్లూ? ఆ బోర్డుల్లోవాళ్లు కూడా అంతే. తల పగిలినోడూ మీరే, మంచమ్మీదున్నోడూ మీరే. ప్లాంటు గేటు దగ్గర ఆ బొమ్మల్ని చూసినప్పుడల్లా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దాటిపోయేదాన్ని. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

మాలవిక మేడమ్ కెమెరా నా మొహం మీదికి తెచ్చారు, గోడ మీదికి తీసుకెళ్లారు, మళ్లీ నా మొహం మీదికి తెచ్చారు. నారాయణమ్మ దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే నాను బొట్టెట్టి పసుపు రాసింది నీకా?" అంది. గొంతులో కోపమో ఏడుపో తెలీలేదు. "పిల్లకి సంబంధం కుదరాలని నీకా నాను దండమెట్టుకున్నాను?"

ఆవిడ పిల్ల సంబంధం సంగతి పక్కన పెట్టండి. ఆ వారమంతా నేను కొబ్బరికాయ కొట్టింది నాకే. మోకాళ్ల మీద పడి ఏడ్చింది నా ముందే. నన్ను గట్టెక్కించమని నన్నే బతిమాలుకున్నాను. గట్టెక్కిస్తే నాకే పట్టుచీర పెడతానని మొక్కుకున్నాను! అప్పుడు గుర్తొచ్చింది ఆ మొహం ఎక్కడ చూశానో. రోజూ పొద్దున్న, గడ్డం గీసుకుంటూ.

పోతూ పోతూ మేడమ్ ఇంకోసారి అడిగారు. "తో సర్, ఇన్‌స్పిరేషన్ కహా సే?" నేను నోరు తెరిచేలోపే మా పద్మ అందుకుంది. "ఆయినే సే, మేడమ్! అద్దంలోంచి!" మేడమ్‌కి అది తెగ నచ్చేసింది. ఎగ్జిబిషన్‌లో ఆ వీడియోనే వేస్తున్నారు, అరుపుతో సహా. తెర మీద కనపడనీ తల్లీ అన్నాను కదా, కనపడుతున్నాను. రాయపూర్‌లో ఇప్పుడు నన్ను అందరూ ఆర్టిస్ట్ అనే అంటున్నారట, నవ్వు ఆపుకున్నాక.

అంటే మొక్కు ఫలించినట్టే కదా. పద్మ ఆ రోజే పట్టుకుంది ఆ మాట. "మొక్కు మొక్కేనండీ. పేరంటాలికి పెట్టిన చీర ఇంటి ఆడది కట్టుకోవాలి, మీ నాయనమ్మే చెప్పింది కదా" అని బజారుకెళ్లి నెమలిపింఛం రంగు పట్టుచీర తెచ్చుకుంది. నారాయణమ్మకి కూడా ఒకటి తెచ్చింది, భయపెట్టినందుకు. రెండు చీరలూ నేనే పెట్టాల్సి వచ్చింది, దేవత కూడా నేనే కాబట్టి.

అదండీ గడ్డం కథ. ఇవాళ పొద్దున్న ధైర్యం చేసి నురగ రాసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నురగ కింద మీసం కనపడలేదు. ఆవిడే! ఒక చెవి కిందికి, అదే జాలి చూపు. నాకు తెలీకుండానే బ్లేడు పక్కన పెట్టేసి రెండు చేతులూ జోడించేశాను.

వంటింట్లోంచి పద్మ తొంగి చూసింది. "హారతి తెమ్మంటారా?" అంది.